మీ నాన్నగారికి కీప్యాడ్ ఫోనా? ముందు ఆయన వాడే సిమ్ ఏదో చూడండి

పల్లెలో ఉండే నాన్నకి కీప్యాడ్ ఫోన్ కొనాలి, అందులో ఏమేం ఉండాలి అని అడిగారు కదా. మాది కొండపి దగ్గర పల్లె. మా నాయన పొగాకు రైతు, టచ్ ఫోన్ ఆయనకి పడదు, కీప్యాడ్ ఫోన్లు కొనిపెట్టేది నేనే కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

కెమెరా, గేమ్స్ వదిలేయండి, వాటిని ఎవరూ వాడరు. అసలు చూడాల్సింది సిమ్. షాపులో బాగా చవగ్గా చూపించేవి ఎక్కువగా 2జీ ఫోన్లు. జియోకి మొదటినుంచీ 2జీ లేదు, కాబట్టి మీ నాన్నగారిది జియో నంబరైతే ఆ ఫోన్లో సిగ్నలే రాదు, 4జీ వోల్టీ (అంటే కాల్ కూడా 4జీ మీదే వెళ్లే ఏర్పాటు) ఉన్నదే కావాలి. జియో వాళ్లే అమ్మే జియోభారత్ లాంటి కీప్యాడ్ ఫోన్లేమో జియో సిమ్‌తో తప్ప పనిచెయ్యవు, రేపు నంబర్ వేరే కంపెనీకి మార్చుకుంటే ఫోన్ కూడా మార్చాల్సిందే. ఎయిర్‌టెల్ సిమ్ అయితే 2జీ ఫోన్ కూడా నడుస్తుంది గానీ, నన్నడిగితే కొంచెం డబ్బులు ఎక్కువైనా 4జీదే తీసుకోండి. వోల్టీ కాల్‌లో మాట స్పష్టంగా వినిపిస్తుంది. చెవులు మందగించిన మనిషి ప్రతి మాటకీ "ఏందీ? ఏందీ?" అని అడుగుతుంటే ఇక్కడ మనకీ ప్రాణం ఉసూరుమంటుంది.

తర్వాత మీటలు, టార్చి. పొగాకు కోసే రోజుల్లో చేతులకి నల్లటి జిగురు పట్టేస్తుంది, సబ్బుతో రుద్దినా ఒక పట్టాన పోదు, ఆ వేళ్లతో టచ్ స్క్రీన్ ఏం వాడతారు? మీటలన్నీ ఒకే రబ్బరు షీటులా ఉన్న ఫోన్ అయితే సందుల్లోకి దుమ్ము పోదు, తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. ఇక బ్యారన్‌లో, అంటే పొగాకుని వేడితో ఆరబెట్టే కొట్టంలో, ఆకు కాలుతున్నన్నాళ్లూ రాత్రిపూట లేచి వేడి ఎంతుందో చూసుకోవాలి. అప్పుడు మెనూలోకి వెళ్లి టార్చి వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది, ఒక్క మీట నొక్కి పట్టుకుంటే వెలగాలి. ఇది షాపులోనే ఆయన చేత నొక్కించి చూడండి, అందుకే ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లమంటున్నాను.

బ్యాటరీ 1000 ఎంఏహెచ్ ఉంటే ఆయన మాట్లాడే కాస్తకి బాగానే వస్తుంది, 4జీ ఫోన్లో కొంచెం తొందరగా దిగుతుంది. ఊడదీసి మార్చుకునే బ్యాటరీ అయితే మంచిది, ఉబ్బిందంటే ఊళ్లోనే కొత్తది వేయించుకోవచ్చు.

తెలుగు మెనూ ఉందని డబ్బా మీద చూసి ఊరుకోకండి. షాపులో నిలబడే మీ ఫోన్ నుంచి ఒక తెలుగు మెసేజ్ పంపి అక్షరాలు సరిగ్గా వస్తున్నాయా, ఆయన కంటికి ఆనుతున్నాయా చూడండి. బ్యాంకు మెసేజ్‌లు, ఓటీపీలు అన్నీ దాంట్లోకే వస్తాయి. డబ్బులు పంపడానికి కూడా దారి ఉంది, 2022లో వచ్చిన యూపీఐ 123పే (ఫోన్ కాల్ చేసి డబ్బులు పంపే పద్ధతి) ఇలాంటి ఫోన్ల కోసమే, *99# డయల్ చేసి పంపేది కూడా నెట్ లేకుండా పనిచేస్తుంది. మా నాయన మాత్రం బ్యాలెన్స్ చూసుకుంటారు తప్ప పంపేది నాకే వదిలేశారు, పిన్ పొరపాటున ఎవరికైనా చెప్తారేమోనని నాకూ అదే నయమనిపించింది.

రేడియో వినే అలవాటుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టకుండా ఎఫ్ఎం వస్తుందో లేదో అడగండి, కొన్నిట్లో రాదు. మెమరీ కార్డు పడితే నాటకం పద్యాలు ఎక్కించి ఇవ్వొచ్చు, మా ఇంట్లో సాయంత్రం అవే మోగుతుంటాయి.

కంపెనీ పేరుతో నకిలీలు కూడా అమ్ముతుంటారు. *#06# కొడితే ఆ ఫోన్‌కి మాత్రమే ఉండే 15 అంకెల ఐఎంఈఐ నంబర్ వస్తుంది, KYM అని ఇంగ్లీషులో కొట్టి ఖాళీ వదిలి ఆ నంబర్ వేసి 14422కి మెసేజ్ పెడితే ఫోన్ వివరాలు వస్తాయి, డబ్బులు ఇచ్చేముందే చూసుకోండి.

కొన్నాక మీరే కూర్చుని స్పీడ్ డయల్ పెట్టండి, 2 నొక్కి పట్టుకుంటే మీకు, 3 అయితే ఊళ్లో దగ్గరివాళ్లకి, 4 అయితే డాక్టరుకి. ఏ అంకె ఎవరిదో చీటీ రాసి గోడకి అంటించండి, ఆయనకే కాదు, అవసరానికి ఇంట్లో ఇంకొకరు ఫోన్ చెయ్యాలన్నా పనికొస్తుంది.