విప్పే ముందు బల్ల మీద పెట్టి చూడు

చి. అమ్ములుకి,

పెదనాన్న దీవెనలు. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. "నీ శిష్యురాలి లాప్‌టాప్ చార్జింగ్ ఎక్కట్లేదట, తనే విప్పి చూస్తానంటోంది, స్క్రూడ్రైవర్ల సెట్టు కూడా తెప్పించుకుంది" అని. వాడి గొంతులో సంబరమే సంబరం. నాకూ గర్వంగానే ఉంది గానీ రాత్రంతా నిద్ర లేదు. రెండో తరగతిలో నానమ్మ రేడియో విప్పి, బిగించాక మిగిలిపోయిన రెండు స్క్రూలని దేవుడి గూట్లో దాచిన పిల్లవి నువ్వు. ఆ రేడియో ఆ తర్వాత కూడా పాడిందనుకో, అది వేరే సంగతి.

ముందు చిన్నవి చెప్పేస్తాను. వేరే సాకెట్టులో పెట్టి చూడు, హాస్టల్ ఎక్స్‌టెన్షన్ బాక్సుల్ని నమ్మకు. అడాప్టర్ మీద లైటు ఉంటే వెలుగుతోందో లేదో చూడు. గోడ నుంచి అడాప్టర్‌కి వచ్చే తీగ వదులైపోతుంటుంది, ఒకసారి గట్టిగా నొక్కు. 80 శాతం దగ్గర ఆగిపోతుంటే అది జబ్బు కాదు, బ్యాటరీ ఎక్కువ కాలం రావాలని పెట్టిన సెట్టింగు. మెషిన్ ఆపేసి, చార్జర్ పీకేసి, పవర్ బటన్ అరనిమిషం నొక్కిపట్టి వదులు. మంత్రంలా ఉంటుంది గానీ కొన్నిసార్లు పని చేస్తుంది.

నీది గుండ్రటి మూతి చార్జర్ అట కదా. దాని లోపలికి తొంగి చూడు, డెల్, హెచ్‌పీ లాంటి వాటిల్లో మధ్యలో సన్నటి సూది ఉంటుంది. మెషిన్‌ని నడిపే కరెంటు దాని గుండా రాదు. "నేను ఇన్ని వాట్ల చార్జర్‌ని" అని మెషిన్‌కి చెప్పడమే దాని పని. అది వంగినా, దాని తీగ లోపల తెగినా లాప్‌టాప్ నడుస్తుంది, బ్యాటరీ మాత్రం ఎక్కదు. నువ్వు మంచం మీద పడుకుని తీగ సాగదీసి వాడుతుంటావు, సంక్రాంతికి చూశాను. ఎన్నిసార్లు చెప్పాలి నీకు? అదే కంపెనీ చార్జర్ ఉన్న స్నేహితురాలు ఉంటే అడిగి పెట్టి చూడు. వోల్టులు సరిగ్గా కలవాలి, ఆంపియర్లు నీ దానికన్నా తక్కువ ఉండకూడదు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి.

2013లో అనుకుంటాను, నా రిపేరు కొట్టుకి ఒక ఇంజినీరింగ్ అమ్మాయి వచ్చింది. పలచటి లాప్‌టాప్, బ్యాటరీ లోపలే ఉండే రకం. చార్జింగ్ ఎక్కట్లేదు, తెల్లారితే ప్రాజెక్టు వైవా. కొత్త చార్జర్ పెట్టి చూశాను, ఎక్కలేదు. "అంకుల్, టచ్‌ప్యాడ్ కూడా నొక్కితే టిక్కుమనట్లేదు" అంది. అదింకో రిపేరు, తర్వాత చూద్దాంలే అన్నాను. రెండూ ఒకే రోగమని నాకు తట్టలేదు. రేడియోల కాలం నుంచీ చేతిలో సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నవాణ్ణి, ఆ పిల్ల మాట సగమే విన్నాను.

అడుగు మూత విప్పితే బ్యాటరీ పూరీలా పొంగి ఉంది. అదే కింద నుంచి టచ్‌ప్యాడ్‌ని పైకి నెడుతోంది. ఆపేయాల్సింది అక్కడే. ఆ అమ్మాయి ఎదురుగా నిలబడి గడియారం చూస్తోంది, నాకు తొందర. బ్యాటరీ జిగురుకి అంటుకుని రాకపోతే సన్న స్క్రూడ్రైవర్ కిందికి దూర్చి ఎత్తాను.

బుస్సుమంది. నెయిల్ పాలిష్ లాంటి తియ్యటి వాసన వచ్చింది, ఆ వెంటనే తెల్లటి పొగ, నేను వెనక్కి జరిగేలోపు మంట. కొట్లో పని నేర్చుకునే కుర్రాడు ఉండేవాడు, నీకు చెరుకురసం తెచ్చిపెట్టేవాడు, గుర్తుందా? వాడు ఆ మెషిన్‌ని ఉత్త చేతులతో పట్టుకుని రోడ్డు మీదికి విసిరేశాడు. ఆరిందనుకున్నాం, మళ్లీ అంటుకుంది. బ్యాటరీ లోపల ఒక గది (సెల్) కాలితే ఆ వేడికి పక్క గది అంటుకుంటుంది, ఆ బ్యాటరీల తీరు అంత. వాడి కుడి అరచెయ్యి, రెండు వేళ్లు కాలాయి. ఆసుపత్రిలో వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. ఆ అమ్మాయికి లాప్‌టాప్ డబ్బులు కట్టాను, ప్రాజెక్టు మాత్రం తెచ్చివ్వలేకపోయాను. మీ నాన్నకి ఇప్పటికీ అది షార్ట్ సర్క్యూట్ అనే తెలుసు. నువ్వూ చెప్పకు.

అందుకని అమ్మలూ, స్క్రూడ్రైవర్ ముట్టుకోక ముందు లాప్‌టాప్ మూసి చదునైన బల్ల మీద పెట్టు. ఊగుతోందా? మూత సరిగ్గా పడుతోందా? టచ్‌ప్యాడ్ ఒక పక్క లేచిందా? అంచుల దగ్గర అతుకు విడిందా? వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చార్జర్ పీకేసి ఆపేయ్. నొక్కి చూడకు, గుచ్చకు, ఇంకోసారి చార్జింగ్ పెట్టకు. మంచం మీంచి తీసి గచ్చు మీద పెట్టి, పొద్దున్నే సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్లు. డబ్బుల కోసం చూడకు, నేను పంపిస్తాను.

ఉబ్బలేదూ, విప్పు. నిన్ను ఆపను. ముందు చార్జర్ తీసి, మెషిన్ పూర్తిగా ఆపు. కాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చు. పొడుగు స్క్రూ పొట్టి దాని చోట్లో బిగిస్తే బోర్డుకి చిల్లు పడుతుంది, నీకసలే స్క్రూలు మిగిల్చే అలవాటు. మూత తీశాక మొట్టమొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదియ్యి, మిగతాది ఆ తర్వాత. చార్జర్ గుచ్చే జాక్ చాలా వాటిల్లో విడి తీగతో వస్తుంది, పాతది తీసి కొత్తది తగిలించడమే. నీ దాంట్లో బోర్డుకే అతికించి ఉంటే అక్కడితో ఆగు.

ఆ కుర్రాడికి ఇప్పుడు సొంత కొట్టు ఉంది. ఉబ్బిన బ్యాటరీ వస్తే ఇప్పటికీ నాకు వీడియో కాల్ చేసి చూపిస్తాడు, ఆ చెయ్యి కెమెరాలో కనపడకుండా పట్టుకుంటాడు.

ఇవాళ రాత్రే బల్ల మీద పెట్టి ఫొటో పంపు. పక్క నుంచి తియ్యి, బల్ల అంచు కనపడాలి. పదకొండు దాకా మెలకువగానే ఉంటాను. మీ పెద్దమ్మ ఊరమిరపకాయలు పంపిస్తోంది, అదే పార్సిల్‌లో వోల్టులు కొలిచే నా పాత మల్టీమీటర్ పెడుతున్నాను. దాని నల్ల తీగ వదులుగా ఉంది, వేలితో అదిమిపట్టి చూసుకో.

మీ పెదనాన్న