అమెరికన్ మాజాంగ్: చార్ల్‌స్టన్‌లో ఏ టైల్స్ పంపాలి?

ఈ టైల్స్ (బిళ్లల) ఆట మొదట్లో కుడికి, ఎదుటికి, ఎడమకు ఉన్నవాళ్లకు మూడేసి టైల్స్ పంపాలి కదా, ఈ మార్పిడినే చార్ల్‌స్టన్ అంటారు. అందులో ఏవి వదిలేయాలో తేలట్లేదని అడిగారు. పంపేవి ఎంచుకోవడం తర్వాతి సంగతి. ముందు ఆ ఏడాది కార్డులో (గెలిచే కూర్పుల పట్టికలో) మీ చేతికి, అంటే మీ దగ్గరున్న టైల్స్‌కు, దగ్గరగా ఉన్న రెండు వరుసలు చూసుకోండి.

ఉదాహరణకు మీ దగ్గర 2 బ్యామ్‌లు రెండు, 4 బ్యామ్, 6 క్రాక్‌లు రెండు, 8 క్రాక్, ఫ్లవర్లు రెండు, విడిగా 1 డాట్, 7 డాట్, 9 క్రాక్, నార్త్, రెడ్ డ్రాగన్ ఉన్నాయనుకోండి (బ్యామ్, క్రాక్, డాట్ అంకెల టైల్స్‌లో మూడు రకాలు; ఫ్లవర్, నార్త్, డ్రాగన్ అంకెలు కాని టైల్స్). దారి సరిసంఖ్యలదే. మిగిలిన ఐదులోంచి 1 డాట్, 9 క్రాక్, నార్త్ పంపేయండి.

జతను మాత్రం తేలిగ్గా విడగొట్టకండి. జతలోనూ ఒంటరి టైల్‌లోనూ జోకర్ చెల్లదు, అసలు టైలే రావాలి. అందుకే జత అంత విలువైనది. జోకర్లను ఎలాగూ పంపనివ్వరు. ఫ్లవర్లు చాలా చేతుల్లో పనికొస్తాయి, వాటిని చివరిదాకా పట్టుకోండి.

పంపే మూడూ ఒకదానికొకటి సంబంధం లేనివైతే మేలు. ఒకే టైల్ రెండు, లేదా నార్త్, ఈస్ట్, వెస్ట్ కలిపి ఇచ్చారంటే అవతలివాళ్ల చేయి మీరే కట్టిచ్చినట్టు. రమ్మీ ఆడేవాళ్లకు ఈ జాగ్రత్త అలవాటే.

మొదటి ఎడమ పాస్‌లో మూడు వదలలేకపోతే టెన్షన్ వద్దు. అప్పుడే వచ్చినవాటిని చూడకుండా ముందుకు పంపొచ్చు. రెండో చార్ల్‌స్టన్ తప్పనిసరి కాదు. చేయి కుదిరితే ఆపేయమనండి.