డాక్టర్ సలహా: షుగర్ తగ్గిందని సంబరపడే ముందు ఒకసారి కిడ్నీలు చూపించండి

ప్రశ్న: మాది గుంటూరు. నాన్నకు 59 ఏళ్లు, మిర్చి యార్డులో కమీషన్ ఏజెంట్ దగ్గర గుమస్తా. 11 ఏళ్లుగా షుగర్, ఆరేళ్లుగా బీపీ ఉన్నాయి. మెట్‌ఫార్మిన్, గ్లిమిపెరైడ్ కలిసిన మాత్ర రోజుకు రెండు, బీపీకి టెల్మిసార్టాన్ 40 వాడేవారు. ఇంగ్లీషు మందులతో కిడ్నీలు పాడవుతాయని ఎవరో చెబితే సంక్రాంతి నుంచి ప్రకృతి పద్ధతికి మారారు. పరగడుపున కాకరకాయ రసం, మెంతుల నీళ్లు, నేరేడు గింజల పొడి, సాయంత్రం తిప్పతీగ కషాయం తీసుకుంటున్నారు. టిఫిన్ మానేసి మధ్యాహ్నం కొర్రన్నం తింటున్నారు. బీపీ మాత్ర, రాత్రి షుగర్ మాత్ర ఆపేశారు. 5 కిలోలు తగ్గారు, పరగడుపు షుగర్ 170 నుంచి 118కి వచ్చింది. అప్పుడప్పుడు పదకొండు గంటలప్పుడు చెమటలు పట్టి చేతులు వణుకుతాయి, మజ్జిగ తాగితే సర్దుకుంటుంది. సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయి. మూత్రంలో నురగ వస్తోంది, ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయని నాన్న అంటున్నారు. మోకాళ్ల నొప్పులకు మాత్రం మెడికల్ షాపు మాత్ర వేసుకుంటారు, అంతే. పొద్దుటి మాత్ర కూడా ఆపేయొచ్చా? కాకరకాయ రసం మంచిదా, కూర మంచిదా?
ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, కాకరకాయ సంగతి చివర్లో చెబుతాను. ఓపీ మధ్యలో మీ ఉత్తరం చదువుతూ నాలుగు చోట్ల ఆగాల్సి వచ్చింది: చెమటలు, వాపు, నురగ, చివర్లో మీరు ‘అంతే’ అని తేల్చేసిన ఆ మోకాళ్ల మాత్ర. పొద్దుటి మాత్ర ఆపాలా వద్దా అన్నది మనిషిని చూడకుండా, రిపోర్టులు లేకుండా ఇక్కడి నుంచి నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. రేపో ఎల్లుండో ఆయన్ని డాక్టర్‌కి చూపించండి. వచ్చే నెల జీతం వచ్చాక చూద్దాం అనుకునే వ్యవహారం కాదిది.

ముందు ఆ పదకొండు గంటల చెమటలు. మీ నాన్నగారు వేసుకునే మాత్రలో రెండు మందులున్నాయి. అందులో గ్లిమిపెరైడ్ క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది, ఆ పూట మనిషి తిన్నాడా లేదా అని అది చూడదు. మాత్ర వేసుకుని టిఫిన్ మానేసి, పైగా కాకరకాయ రసం తాగి యార్డుకు వెళితే, ఎండలో మిర్చి టిక్కీల (బస్తాల) మధ్య నిలబడి లెక్కలు రాసే మనిషికి ఆ టైముకి షుగర్ పడిపోవడంలో వింతేమీ లేదు. అలాంటప్పుడు వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి, 70 లోపు ఉంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. మీటర్ అందుబాటులో లేకపోతే చూడకుండానే పంచదార ఇచ్చేయండి, మజ్జిగతో సరిపెట్టకండి. అందులో గబుక్కున రక్తంలోకి వెళ్లే చక్కెర పెద్దగా ఉండదు, ఉప్పు మాత్రం ఉంటుంది. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. డాక్టర్‌ని కలిసేదాకా టిఫిన్ తినకుండా ఆ మాత్ర వేసుకోవద్దని చెప్పండి. ఇంకో మాట, పదేళ్లు దాటిన షుగర్ ఉన్నవాళ్లకు ఛాతీ నొప్పి రాకుండా ఒట్టి చెమటలతోనే గుండెపోటు వచ్చిన సందర్భాలు ఉంటాయి, కాబట్టి ఒక ఈసీజీ కూడా తీయించండి. టెన్షన్ పెట్టాలని చెప్పడం లేదు, తీయించకుండా మాత్రం వదలొద్దు.

ఇక నురగ. ఒంట్లో విషాలు నురగ రూపంలో బయటికి పోవు. ఎప్పుడో ఒకసారి నురగ వస్తే దానికి వేరే కారణాలుండొచ్చు, కానీ పదకొండేళ్ల షుగర్, బీపీ ఉండి, పాదాలు వాస్తూ, రోజూ నురగ కనిపిస్తుంటే నాకు ముందు వచ్చే అనుమానం మూత్రంలో ప్రోటీన్ పోతోందని, అంటే కిడ్నీ జల్లెడ దెబ్బతింటోందని. కాకపోతే మంచిదే, కానీ పరీక్ష చేయకుండా కాదని అనుకోవడానికి లేదు.

ఇక్కడే చాలామంది ఇళ్లలో మోసపోయే విషయం ఒకటుంది. ఇన్సులిన్‌ని, గ్లిమిపెరైడ్ లాంటి మందుల్ని ఒంట్లోంచి బయటికి పంపడంలో కిడ్నీలకూ పాత్ర ఉంది. కిడ్నీలు నీరసిస్తే అవి ఎక్కువసేపు ఒంట్లో ఉండిపోతాయి, షుగర్ దానంతట అదే తగ్గుతున్నట్టు కనిపిస్తుంది. ఇంట్లో వాళ్లేమో కాకరకాయ పనిచేస్తోందని సంతోషపడతారు, ఇంకో మాత్ర తగ్గిస్తారు, పక్కింటి వాళ్లకూ చెబుతారు. మీ నాన్నగారి విషయంలో అదే జరుగుతోందని నేను అనడం లేదు, టిఫిన్ మానేయడం, బరువు తగ్గడం వల్ల కూడా 118 రావచ్చు. ఏది నిజమో ఒక రక్త పరీక్షతో, ఒక మూత్ర పరీక్షతో తేలుతుంది, అవి లేకుండా ఆ అంకె చూసి మురిసిపోతే నాకు భయం.

ఇప్పుడు ఆ మోకాళ్ల మాత్ర. దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే వారానికి ఇద్దరు ముగ్గురిలో ఇదే చూస్తున్నాను. మందులు ఏమేం వాడుతున్నారని అడిగితే ‘షుగర్‌కీ బీపీకీ అంతే’ అంటారు. సంచి బల్ల మీద కుమ్మరించమంటే అప్పుడు పడతాయి, కత్తెరతో కోసిన స్ట్రిప్ ముక్కలు, పేరు ఉన్న భాగం షాపులోనే ఉండిపోయి రెండు మాత్రలు మాత్రమే మిగిలిన రేకులు. మొన్న కృష్ణలంక నుంచి వచ్చిన ఒక పెద్దాయన దగ్గర అలాంటి ముక్క మీద ‘ఫెనాక్’ అన్న మూడక్షరాలే మిగిలాయి, దాన్ని వెలుతురుకు పట్టుకుని చదవాల్సి వచ్చింది. ఏడాదిన్నరగా పొద్దునొకటి, రాత్రొకటి. ‘అది మందేంటండీ, నొప్పుల బిళ్ల’ అన్నారాయన. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయిస్తే 3 దాటింది, అంటే కిడ్నీలు బాగా దెబ్బతిన్నట్టే. మీరు ‘అంతే’ అని రాసినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు.

కిడ్నీలు పాడవుతాయని డాక్టర్ రాసిన మాత్ర ఆపేసి, నిజంగా కిడ్నీల్ని దెబ్బతీయగల మాత్రని మందుల లెక్కలో కూడా వేయకుండా మింగడం, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు ఉంది. డైక్లోఫెనాక్ రకం నొప్పి మాత్రలు కిడ్నీలోకి రక్తం వెళ్లే నాళాన్ని బిగదీస్తాయి. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడు రెండు రోజులు వాడితే ఆ కిడ్నీ తట్టుకుంటుంది. షుగర్, బీపీ ఉన్న మనిషి గుంటూరు ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగక, నెలల తరబడి వాడితే తట్టుకోవడం కష్టం. అవే మాత్రలు ఒంట్లో ఉప్పూ నీరూ నిలవచేసి బీపీని పెంచుతాయి, పాదాలు వాయడానికి అదీ ఒక కారణం కావచ్చు. డైక్లోఫెనాక్ చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందు, అయినా ‘మోకాళ్ల నొప్పులకి ఒక డోసు ఇవ్వు’ అంటే ఇచ్చేస్తున్నారు, మనం తెచ్చుకుంటున్నాం. దయచేసి ఈ రోజు నుంచే ఆ మాత్ర ఆపించండి. నొప్పి మాత్రలు అసలు వాడకూడదని కాదు, అవసరమైతే నేనూ రాస్తాను, కిడ్నీ రిపోర్ట్ చూసి, ఇన్ని రోజులకని లెక్కపెట్టి రాస్తాను. మోకాళ్లకు వేడి కాపడం, తొడ కండరాల వ్యాయామాలు, పైపూత జెల్ ఉన్నాయి, పారాసిటమాల్ సరిపోతుందా, ఎంత మోతాదన్నది చూసే డాక్టర్‌ని అడగండి.

మరి ఆయన ఆపేసిన మాత్రల సంగతి? టెల్మిసార్టాన్ బీపీ తగ్గించడంతో పాటు షుగర్ ఉన్నవాళ్లలో మూత్రం ద్వారా ప్రోటీన్ పోకుండా కిడ్నీని కాపాడటానికి కూడా ఇచ్చే మందు. మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడుచేయదు, కిడ్నీ పనితీరు తగ్గితే దాని మోతాదు తగ్గించాలి, బాగా తగ్గితే ఆపాలి, ఈ తేడా దగ్గరే జనం పొరబడుతున్నారు. ఇంకా చెప్పాలంటే మెట్‌ఫార్మిన్‌కి మూలం యూరప్‌లో షుగర్ జబ్బుకు ఇంటివైద్యంగా వాడిన గలేగా అనే మొక్క, 1957లో ఫ్రాన్స్‌లో దాన్ని షుగర్ రోగులకు మందుగా వాడి చూపించారు. అంటే మీ నాన్నగారు చెత్తబుట్టలో వేసిన రాత్రి మాత్రకూ ఒక మొక్క కథ ఉంది, కాకపోతే ఎంత వేయాలో, ఎవరికి వేయకూడదో తేల్చిన మందు అది. అలాగని ఇది చదివి పాత స్ట్రిప్ వెతికి టెల్మిసార్టాన్ మళ్లీ మొదలుపెట్టకండి. క్రియాటినిన్, పొటాషియం చూశాకే, అదీ డాక్టర్ చెబితేనే. రిపోర్టులు వచ్చేదాకా ఆకుకూరల జ్యూసులు, కొబ్బరినీళ్లు కూడా వద్దు, కిడ్నీ నీరసంగా ఉంటే వాటిలోని పొటాషియం ఒంట్లో నిలవ ఉండిపోతుంది.

తిండితో షుగర్ తగ్గదని నేను అనను, తగ్గుతుంది. బ్రిటన్‌లో 2017లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో, కేలరీలు బాగా తగ్గించిన ఆహారంతో బరువు తగ్గించుకున్నవాళ్లలో దాదాపు సగం మంది ఏడాది తర్వాత మందులు లేకుండానే షుగర్ అదుపులో ఉంచుకున్నారు. కానీ వాళ్లందరూ షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు, లావుగా ఉన్నవాళ్లు, మందులు ఆపింది కూడా వైద్య సిబ్బంది పర్యవేక్షణలో. పదకొండేళ్ల షుగర్ ఉన్న మనిషి ఎవరో చెప్పారని తనంతట తాను ఆపడం వేరు. మన పెద్దవాళ్లు కూడా మందూ పథ్యమూ అని రెండూ కలిపే చెప్పారు, పథ్యం చేస్తున్నాం కాబట్టి మందు అక్కర్లేదని ఏ ఆయుర్వేద వైద్యుడూ మా చిన్నప్పుడు అనగా వినలేదు.

కొర్రలు తినొచ్చు, తెల్లన్నం కంటే మెల్లగా అరుగుతాయి, కానీ వంద గ్రాముల్లో 60 గ్రాముల దాకా పిండిపదార్థమే ఉంటుంది, కాబట్టి కొలత అన్నానికి ఎంతో దానికీ అంతే. పిండి పట్టించి జావ కాస్తే షుగర్ తొందరగా పెరుగుతుంది. నాకు కొర్రల కంటే పక్కన వేసుకునే ఆవకాయ, గోంగూర పచ్చడి గురించే ఎక్కువ అనుమానం, రోజు మొత్తానికి ఉప్పు ఒక టీస్పూన్ దాటకూడదు, మన క్యారియర్లలో అది ఒక్క పూటకే అయిపోతుంది. మెంతుల నీళ్లతో నాకు ఇబ్బంది లేదు. నేరేడు గింజల పొడి ఇంట్లో కొట్టుకున్నదైతే సరే, లేబుల్ లేని డబ్బాలో కొన్నదైతే వద్దు, అలాంటి చూర్ణాల్లో స్టెరాయిడ్లు, సీసం లాంటివి బయటపడిన సందర్భాలున్నాయి. తిప్పతీగ వాడిన కొందరిలో లివర్ దెబ్బతిన్నట్టు 2021లో ముంబై డాక్టర్లు ప్రచురించారు, ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు. ఆ వాదన ఎటు తేలినా, రిపోర్టులు వచ్చేదాకా ఆ కషాయం ఆపించండి.

చేయించాల్సినవి: బీపీ, క్రియాటినిన్, పొటాషియం, ప్రోటీన్ పోతోందో లేదో చెప్పే మూత్రంలో ఆల్బుమిన్ క్రియాటినిన్ నిష్పత్తి, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, హిమోగ్లోబిన్, లివర్ పరీక్ష, ఈసీజీ. ఇన్నేళ్లు మెట్‌ఫార్మిన్ వాడారు కాబట్టి బీ12 కూడా ఒకసారి చూస్తే మంచిది. ఖర్చు ఇబ్బంది అయితే గుంటూరు పెద్దాసుపత్రి ఉంది. పడుకుంటే ఆయాసం వస్తున్నా, మొహం ఉబ్బినా, మూత్రం బాగా తగ్గినా, చెమటలతో పాటు ఛాతీలో బరువుగా ఉన్నా ఓపీ టైము కోసం చూడకుండా నేరుగా క్యాజువాల్టీకి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేయండి, చూర్ణం డబ్బా, కషాయం సీసా, ఆ కోసిన రేకు ముక్కలతో సహా. నాన్నగారు వద్దన్నా వేయండి, ఏం మందులు వాడుతున్నారని డాక్టర్ అడిగినప్పుడు ఆయన వాటి గురించి చెప్పరు.

కాకరకాయ కూరే మంచిది. షుగర్ మీద దాని ప్రభావం కొద్దిపాటిదే, రసం చేసి పరగడుపున తాగితే ఏదో ఎక్కువ వస్తుందని లేదు, కొందరికి కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి. తక్కువ నూనెతో, బెల్లం వేయకుండా వారానికి రెండు మూడుసార్లు వండండి, కానీ ముందు పొద్దున రెండు ఇడ్లీలైనా తిని యార్డుకు వెళ్లమనండి.

జనరల్ ఫిజీషియన్, విజయవాడ