బుడ్డోడి గురక గురించి

అమ్మలూ,

"బుడ్డోడు అచ్చం వాళ్ల తాతయ్యలా గురక పెడుతున్నాడు పెద్దమ్మా" అని నిన్న ఫోన్లో నువ్వు నవ్వుతుంటే నాకు నవ్వు రాలేదు. పాతికేళ్ల కిందట మీ అన్నయ్య గురక విని నేనూ ఇలాగే మురిసిపోయాను, ఆడి అలిసిపోయి ఒళ్లు తెలియకుండా పడుకున్నాడని. మూడో తరగతికి వచ్చినా పక్క తడిపేవాడు. క్లాసులో కుదురుగా కూర్చోడని టీచరమ్మ డైరీలో రాసి పంపితే వీపు మీద రెండు వేశాను కూడా. అదంతా ఆ గురకతో నిద్ర చెడడం వల్లేనని తర్వాత తెలిసింది. పాపం, వాడి తప్పేముంది!

జలుబు చేసి నాలుగు రోజులు గురక వస్తే కంగారు పడకు. జలుబు లేకపోయినా వారంలో మూడు రాత్రులకు పైగా వస్తోందంటే మాత్రం ఒక రాత్రి పక్కనే కూర్చుని చూడు. తెల్లవారుజామునైతే ఇంకా మంచిది, నిద్రలో ఊపిరి ఆగిపోయే ఇబ్బంది అప్పుడే ఎక్కువ. నోరు తెరిచి, మెడ వెనక్కి విరిచి పడుకుంటున్నాడా? దిండు చెమటకి తడుస్తోందా? గురక ఉన్నట్టుండి ఆగిపోతుంది. హమ్మయ్య అనుకుంటాం గానీ, చూడాల్సింది అప్పుడే. పొట్ట, ఛాతీ ఎగిరెగిరి పడుతుంటాయి, ముక్కు దగ్గర వేలు పెడితే గాలి తగలదు. కాసేపటికి ఒక్క ఉదుటున ఊపిరి లాగి పక్కకి దొర్లుతాడు. అది ఫోన్లో వీడియో తీసిపెట్టు. డాక్టర్ ముందు పగలు బుద్ధిగా కూర్చునేవాణ్ని చూస్తే ఏం తెలుస్తుంది?

పిల్లల్లో ఇది ఎక్కువగా ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే మెత్తటి కండ, గొంతులో రెండు పక్కలా ఉండే టాన్సిల్స్ పెరగడం వల్లే. నిద్రలో కండరాలు వదులై ఆ కాస్త దారీ మూసుకుపోతుంది. ఊపిరి కోసం మెదడు మాటిమాటికీ ఉలిక్కిపడుతుంది, వాడికి మాత్రం ఏమీ గుర్తుండదు. అందుకే పది గంటలు పడుకున్నా నిద్ర చాలదు. మనమైతే మర్నాడు కునుకుతాం, పిల్లలు చిందులేస్తారు, చిరాకు పడతారు. ఎదుగుదలకి కావలసిన హార్మోన్ కూడా గాఢనిద్రలోనే ఎక్కువ ఊరుతుందట.

"పెద్దయితే అదే తగ్గుతుంది" అంటారేమో మీ అత్తగారు. వయసుతో అడినాయిడ్స్ కుదించుకుపోయే మాట నిజమే. ఈలోగా పోయే నిద్రో? ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించు. కొందరికి ముక్కులో కొట్టే స్ప్రేతోనే సర్దుకుంటుంది, కొందరికి నిద్రలో ఊపిరి ఎలా ఆడుతోందో చూడ్డానికి రాత్రంతా వైర్లు పెట్టి స్లీప్ స్టడీ అనే పరీక్ష చేస్తారు. మీ అన్నయ్యకి అవి తీసేసే ఆపరేషనే చేయించాం. వారం పది రోజులు గొంతు నొప్పి, ఇడ్లీ కూడా మెత్తగా చిదిమి పెట్టాను. ఆ రోజుల్లో రక్తం పడితే మాత్రం ఒక్క క్షణం ఆగకుండా ఆస్పత్రికి పరిగెత్తాలి.

నొప్పి తగ్గాక ఒక అర్ధరాత్రి మెలకువ వస్తే గదిలో చప్పుడే లేదు. భయమేసి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టాను. గాలి వెచ్చగా తగిలింది.

శనివారం రాత్రి వీడియో తీసి నాకూ వాట్సాప్ చెయ్యి.

మీ పెద్దమ్మ