గుమ్మడి దీపాల బాధ్యత తీసుకున్న మా అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, పెదనాన్న ఆశీస్సులు.

మీ ఊరి కూడలిలో ఏటా అక్టోబరులో పెట్టే గుమ్మడికాయ దీపాల (లోపల తొలిచి, ముఖం చెక్కి, దీపం పెట్టిన కాయల) ప్రదర్శన ఈసారి నీ చేతికి వచ్చిందని రాశావు. న్యూ హాంప్‌షైర్‌లోని మా కీన్ పట్టణంలో ఈ వేడుకను ఏళ్ల తరబడి దగ్గరుండి చూసినవాణ్ని కనుక, దాన్ని ఎలా నడపాలని నువ్వు అడిగినదానికి నాకు తోచింది చెబుతున్నాను.

అన్నిటికంటే ముందు, లెక్కల వెంట పడవద్దు. 1991లో కొన్ని వందల కాయలతో మొదలైన కీన్ వేడుక 2013లో 30,581 దీపాలు వెలిగించి గిన్నిస్ రికార్డు సాధించింది. మరుసటి ఏడాదే, ఒకపక్క పండుగ జరుగుతుండగా మరోపక్క కాలేజీ పరిసరాల్లో కుర్రకారు గుంపులు అల్లర్లకు దిగడంతో, ఆపై ఏడాది నగరపాలక మండలి అనుమతి నిరాకరించింది. 2017లో బడిపిల్లలు చెక్కిన కాయలతో అది చిన్నగా తిరిగి మొదలైంది. నా మట్టుకు నాకు ఆ చిన్నదే నచ్చింది. పిల్లవాడు తన కాయ ఏ వరుసలో ఉందో వెతుక్కుని అమ్మకు చూపించుకోగలగాలి కదా, ముప్పై వేల కాయల మధ్య అది అయ్యే పని కాదు.

కాయలను తోటకు వెళ్లి నువ్వే ఎంచుకో. తొడిమ ఆకుపచ్చగా, గట్టిగా ఉండాలి, అడుగు చదునుగా ఉండాలి, నొక్కితే గోరు తోలులోకి దిగకూడదు. మోసేటప్పుడు తొడిమ పట్టుకుని ఎత్తవద్దని పిల్లలకు గట్టిగా చెప్పు. ప్రదర్శనకు రెండు మూడు రోజుల ముందు మాత్రమే చెక్కించు, ఎందుకంటే కోసిన కాయ వారం తిరగకముందే బూజు పట్టి లోపలికి కుంగిపోతుంది. మూత కోసేటప్పుడు కత్తి మొన కాయ నడిమికి వాలి ఉండాలి, నిలువుగా కోస్తే మూత లోపల పడుతుంది. గింజలూ పీచూ తీసేశాక, ముఖం చెక్కే వైపు గోడను అంగుళం మందం మిగిలేదాకా గరిటెతో గీకించు. కోతల మీద పలుచని బ్లీచ్ నీళ్లు చల్లి, ఆరాక వాజ్‌లిన్ రాస్తే కొంత నిలుస్తుంది. గింజలు వేయించుకోవచ్చు గాని, చెక్కడానికి పెంచే రకాల గుజ్జు నీళ్లోడుతూ చప్పగా ఉంటుంది, దానితో దప్పళం పెట్టాలని మాత్రం ఆశపడకు.

కొయ్య అరల మీద పేర్చేటప్పుడు కొవ్వొత్తులకు బదులు బ్యాటరీ దీపాలే వాడు. మంచు కురిసి గడ్డకట్టే రాత్రి వస్తుందని తెలిస్తే కాయలను ఏ గ్యారేజీలోకో చేర్పించు, ఒకసారి గడ్డకట్టి కరిగిన కాయ మెత్తబడిపోతుంది.

ప్రదర్శన అయ్యాక కాయలను తీసివేయించడం మరచిపోకు. కోయని కాయలను పశువుల కోసం తీసుకునే రైతులు ఉంటారు, బ్లీచ్ తగిలినవి మాత్రం వాళ్లకు ఇవ్వకుండా కంపోస్టుకు పంపు. దీపాలు బయటికి తీయించాకే బండి ఎక్కించాలి, ఆ బండిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకో.

నీ
పెదనాన్న