పాటల ముచ్చట్లు: యూబీ40లో అసలుది ఏది?

ప్రశ్న: మా అబ్బాయి బర్మింగ్‌హామ్‌లో చదువుతున్నాడు. యూబీ40 కచేరీకి వెళ్తానంటున్నాడు. వెతికితే ఆ పేరుతో రెండు బ్యాండ్లు వస్తున్నాయట, ఒకదాని పక్కన ‘ఫీచరింగ్ అలీ క్యాంప్‌బెల్’ అని ఉందట. అసలుది ఏది? ఆ 40 ఏమిటి? ‘రెడ్ రెడ్ వైన్’ వాళ్ల సొంత పాటేనా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ అబ్బాయి వాళ్ల సొంత ఊళ్లోనే ఉన్నాడండీ! 40 సంగతి ముందు చెప్తాను. అప్పట్లో బ్రిటన్‌లో నిరుద్యోగ భృతికి సంబంధించిన ఒక ఫారం పేరు యూబీ40. 1978లో బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి ఈ బ్యాండ్ పెట్టినప్పుడు చాలామందికి ఉద్యోగాల్లేవు. పేరు ఇంట్లోనే దొరికిందన్నమాట. బార్‌లో జరిగిన కొట్లాటలో గాయపడిన గాయకుడు అలీ క్యాంప్‌బెల్‌కి నష్టపరిహారం వస్తే, ఆ డబ్బుతో వాయిద్యాలు కొన్నారు.

1980లో వచ్చిన మొదటి ఆల్బమ్ ‘సైనింగ్ ఆఫ్’ అట్ట మీద ఆ భృతి ఫారాన్నే అచ్చేశారు. రికార్డింగ్ పెద్ద స్టూడియోలో కాదు, బాబ్ లాంబ్ అనే ఆయన ఉండే చిన్న గదిలో. చోటు చాలక కొన్ని తాళవాద్యాలు పెరట్లో వాయించారు, అందుకే అక్కడక్కడా పిట్టల కూతలు కూడా రికార్డయ్యాయి. నేను ఇప్పటికీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వాటికోసం వెతుకుతుంటాను. ఆ ఆల్బమ్ బ్రిటన్ చార్టుల్లో రెండో స్థానం దాకా వెళ్లింది.

‘రెడ్ రెడ్ వైన్’ వాళ్లది కాదు. అమెరికన్ గాయకుడు నీల్ డైమండ్ 1967లో పాడాడు. వీళ్లు విన్నది మాత్రం 1969లో టోనీ ట్రైబ్ పాడిన రెగే (జమైకాలో పుట్టిన సంగీతం) రూపం. రాసింది ‘ఎన్. డైమండ్’ అని చూసి ఎవరో జమైకా ఆయన అనుకున్నామని వాళ్లే తర్వాత చెప్పుకుని నవ్వుకున్నారు. 1983లో వీళ్ల పాట బ్రిటన్‌లో నంబర్ వన్. అమెరికాలో ఆ స్థానం ఐదేళ్లు ఆలస్యంగా, 1988లో దక్కింది. ఈ విజయం తర్వాత జనం వాళ్లను తియ్యటి ప్రేమపాటల బ్యాండ్‌గానే గుర్తుపెట్టుకోవడం నాకు కాస్త బాధే. నిరుద్యోగం మీద 1981లో చేసిన ‘వన్ ఇన్ టెన్’ ముందు వినమనండి.

ఇక గొడవ. 2008లో మేనేజ్‌మెంట్, డబ్బు వ్యవహారాల మీద తగువుపడి అలీ బయటికొచ్చేశాడు. అతని చోట పాడటానికి వచ్చింది ఎవరనుకున్నారు? సొంత అన్న డంకన్! ఇంకో అన్న రాబిన్ మొదటినుంచీ బ్యాండ్‌లోనే ఉన్నాడు. తర్వాత అలీ, ఆస్ట్రోతో సహా ఇద్దరు పాత సభ్యులతో అదే పేరు వాడుతూ వేరే బ్యాండ్ నడిపాడు. పేరు కోసం కోర్టుకెక్కారు. 2021లో అనారోగ్యంతో డంకన్ తప్పుకున్నాడు. అదే ఏడాది అలీ పక్షంలో ఆస్ట్రో, రాబిన్ పక్షంలో శాక్సోఫోన్ వాయించే బ్రయాన్ ట్రావర్స్ చనిపోయారు.

పాత సభ్యులు ఎక్కువమంది ఉన్నది రాబిన్ వైపు. రికార్డుల్లో మీరు విన్న ఆ గొంతు కావాలంటే అలీ వైపు. నేనైతే అలీ కచేరీకే వెళ్తాను, గొంతుకు బదులు గొంతు దొరకదు. మీవాణ్ణి మాత్రం టికెట్ కొనేముందు పోస్టర్ మీద చిన్న అక్షరాలు కూడా చదవమనండి.