‘నాలాంటి వాళ్లకు తోడుంటా’ అంటోంది.. అది ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయికి 24 ఏళ్లు. బీటెక్ మూడో ఏడాదిలో ఉండగా బైపోలార్ డిజార్డర్ (మనసు కొన్నాళ్లు అతిగా ఉప్పొంగి, కొన్నాళ్లు బాగా కుంగిపోయే జబ్బు) అని తేలింది. రెండుసార్లు ఆసుపత్రిలో చేర్పించాం. ఒక ఏడాది వెనకబడినా డిగ్రీ పూర్తి చేసింది. రెండేళ్లుగా మందులు వాడుతూ బాగుంటోంది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ వద్దు, తనలాంటి రోగులకు పీర్ మెంటర్‌గా, అంటే జబ్బు నుంచి కోలుకుని తోటి రోగులకు తోడుండే మనిషిగా పనిచేస్తానంటోంది. అది జీతం వచ్చే ఉద్యోగమేనా? జబ్బు సంగతి నలుగురికీ తెలిస్తే పెళ్లి ఎలా అవుతుందని వాళ్లమ్మ బెంగ. - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఉద్యోగమేనండీ. కాకపోతే మన దగ్గర ఇప్పటికిప్పుడు దాన్నొక్కదాన్నే నమ్ముకుని బతకడం కష్టం. ఈ రెండో మాట మీరన్నట్టు కాకుండా నేనన్నట్టు చెప్పండి, ఇంట్లో గొడవ తగ్గుతుంది.

అమెరికాలోని జార్జియా రాష్ట్రం 1999లోనే పేదల ఆరోగ్య బీమా పథకం మెడికెయిడ్ నుంచి ఇలా తోడుండే సేవకు డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది. ఇంగ్లండ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పీర్ సపోర్ట్ వర్కర్ అనేది జీతమున్న పోస్టు. మన దేశంలో గుజరాత్ ముందు నడిచింది. అక్కడి కొన్ని ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో, పుణెలోని ఇండియన్ లా సొసైటీ తోడ్పాటుతో, జబ్బు నుంచి కోలుకున్నవాళ్లకు శిక్షణ ఇచ్చి రోగుల పక్కన పెట్టారు. చెన్నైలో 1993లో మొదలైన ‘ది బనియన్’ సంస్థ ఒకప్పుడు తన దగ్గర చికిత్స పొందినవాళ్లను సిబ్బందిగానూ తీసుకుంది. కేంద్రం సాయంతో నడిచే డీ-అడిక్షన్ కేంద్రాల్లోనైతే పీర్ ఎడ్యుకేటర్ పోస్టు వ్యసనం నుంచి బయటపడినవాళ్ల కోసమే ఉంది. మీ అమ్మాయికి అది పనికిరాదు గానీ, ఇలాంటి అనుభవానికి సర్కారు లెక్కల్లోనూ చోటుందని వాళ్లమ్మకు చెప్పడానికి పనికొస్తుంది. ఎర్రగడ్డ నుంచో విశాఖ నుంచో పీర్ మెంటర్ నోటిఫికేషన్ వస్తుందని మాత్రం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. స్వచ్ఛంద సంస్థలు, ప్రైవేటు క్లినిక్కుల తలుపు తట్టాలి. అక్కడ కూడా మొదట్లో గౌరవ వేతనంతో సరిపెట్టేవాళ్లే ఎక్కువ.

ఇక పని ఏమిటన్నది. చాలామంది దీన్ని ‘నా కథ చెప్పి ధైర్యమివ్వడం’ అనుకుంటారు. కథ చెప్పడం ఇందులో చిన్న భాగం. జబ్బు పేరు నిన్ననే విన్న కుర్రాడు డాక్టర్‌ని అడగలేనివి ఈమెను అడుగుతాడు. ‘ఈ మాత్రలు వేసుకుంటే క్లాసులో నిద్రొస్తోంది, నువ్వేం చేశావు అక్కా?’ ‘హాస్టల్లో రూమ్మేట్‌కి చెప్పాలా?’ ‘పరీక్షల ముందు మళ్లీ వస్తే?’ వాటిని ఓపిగ్గా విని, తాను చేసింది చెప్పి, ‘నీకు ఇదే సరిపడుతుందని కాదు’ అని కూడా చెప్పగలగాలి. ఓపీకి వెళ్లే ముందు డాక్టర్‌తో మాట్లాడాల్సినవి అతనితో కాగితం మీద రాయించాలి. మందు మానమనడం, మోతాదు మార్చమనడం, జబ్బేమిటో తేల్చడం.. ఇవి ఆమె పని కావు. ఎవరైనా చచ్చిపోవాలనుందంటే దాన్ని కడుపులో దాచుకోకుండా అదే రోజు పైవాళ్లకు చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 నోటికి వచ్చి ఉండాలి. జబ్బు పడినంత మాత్రాన ఇవన్నీ రావు. శిక్షణ కావాలి.

ఆ శిక్షణ పేరుతో వారాంతపు కోర్సులు నడిపి ‘సర్టిఫైడ్ థెరపిస్ట్’ అని కాగితం చేతిలో పెట్టేవాళ్లున్నారు, వాళ్ల జోలికి పోవద్దు. నేనైతే ఇలా చేయమంటాను: బీటెక్‌తో దొరికే ఏదో ఒక పగటి ఉద్యోగం పట్టుకుని, దాంతోపాటు దూరవిద్యలో పీజీ చేయాలి. ఇగ్నోలో సోషల్ వర్క్ పీజీకి ఏ డిగ్రీ ఉన్నా చాలు. సైకాలజీని దూరవిద్యలో చదివే వీలును 2025లో యూజీసీ ఆపేసింది, దానికి కాలేజీకే వెళ్లాలి. నా ఓటు సోషల్ వర్క్‌కి. ఆసుపత్రుల్లో, స్వచ్ఛంద సంస్థల్లో ఆ డిగ్రీకి పోస్టులుంటాయి, పీర్ అనుభవం అదనపు బలమవుతుంది. ఎంఏ సైకాలజీ చేసినంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్ట్ కారు. దానికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు వేరే చదవాలి. శని, ఆదివారాల్లో ఏదైనా సంస్థలో వాలంటీరుగా చేరితే, ఇతరుల బాధ రోజూ వింటూ తాను నిలబడగలదో లేదో ఆమెకే తెలిసిపోతుంది. బైపోలార్ ఉన్నవాళ్లకు నిద్ర చెడితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది కాబట్టి హెల్ప్‌లైన్ నైట్ షిఫ్టులు ఎంత జీతమిచ్చినా వద్దు. మొదలుపెట్టే ముందు ఆమెను చూసే సైకియాట్రిస్ట్‌తో ఒకసారి మాట్లాడించండి.

పెళ్లి సంగతి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం ఆసుపత్రి ఆమె వివరాలు బయటపెట్టకూడదు. కానీ ఆమె నోటితో తానే చెప్పింది వెనక్కి రాదు. పైగా ఈ పనిలో చేరితే కొంతమందికైనా తెలియక తప్పదు. అందుకే ఎవరికి, ఎంతవరకు చెప్పాలో చేరకముందే తేల్చుకోవాలి, ఆ తేల్చుకునేది కూడా ఆమే. ‘కాలేజీలో ఉండగా జబ్బు చేసింది, మందులు వాడుతున్నాను’ అంటే చాలు. ఆసుపత్రిలో జరిగిందంతా చెప్పనక్కర్లేదు. సంస్థ కరపత్రంలో తన ఫొటో వేస్తామంటే వద్దనవచ్చు. వాళ్లమ్మతో మాత్రం ఒకమాట అనాలి: ఉద్యోగం వల్ల తెలుస్తుందని ఆపినా, సంబంధం ఖాయం చేసుకునే ముందు అవతలివాళ్లకు చెప్పాల్సిందే. దాచి చేసిన పెళ్లి తర్వాత కోర్టు మెట్లెక్కితే నలిగేది మీ పిల్లే.

ఎక్కడైనా ఇంటర్వ్యూకి పిలిస్తే ఆమె నాలుగు సంగతులు అడగాలి. నెలకు చేతికొచ్చేదెంత? నా పని చూసి, నాతో వారం వారం కూర్చుని మాట్లాడేదెవరు? నాకే ఒంట్లో బాగోక పది రోజులు సెలవు పెడితే నా దగ్గరున్నవాళ్లను ఎవరు చూస్తారు? ఇప్పటికే ఇక్కడ ఈ పని చేస్తున్నవాళ్లతో ఒక అరగంట మాట్లాడనిస్తారా? చివరి ప్రశ్నకు నీళ్లు నమిలితే అక్కడ చేరవద్దనండి.